ఆరు రోజుల ముందే తెలిసిన ‘ఆకస్మిక’ విపత్తు

2021 మే 17 సాయంత్రం ముంబయి తీరానికి సుమారు 35 నాటికల్ మైళ్ల దూరంలో పి-305 అనే బార్జి అరేబియా సముద్రంలో మునిగిపోయింది. అందులో 261 మంది ఉన్నారు. అదే తుపానులో వరప్రద అనే టగ్గు కూడా మునిగింది. అందులోని 13 మందిలో ఇద్దరే బతికి బయటపడ్డారు. వరాలిచ్చేదని ఆ టగ్గుకు పేరు పెట్టినవారి ఉద్దేశం మంచిదే అయివుంటుంది. రెండు నౌకలలో కలిపి మృతుల సంఖ్య 86. స్వతంత్ర భారతంలో చమురు పరిశ్రమ సముద్రం మీద చూసిన అతి ఘోరమైన దుర్ఘటనలలో ఇదొకటి. అయినా మూడు నాలుగు వారాలలోనే అది జాతీయ చర్చ నుంచి జారిపోయింది. కరోనా రెండో అల ఉధృతంగా ఉన్న రోజులవి. మరణాల సంఖ్యలు దేశానికి అలవాటైపోయాయి.

దుర్ఘటన జరిగిన మరునాటి నుంచే అధికారిక ప్రకటనలలోనూ వాటిని అనుసరించిన కథనాలలోనూ ఒక మాట ప్రధానంగా వినిపించింది. తుపాను ఊహించని రీతిలో విరుచుకుపడిందని, ప్రకృతి ముందు మానవుడు నిస్సహాయుడని. ఈ మాటను పరిశీలించకుండా వదిలితే 86 మరణాలకు గాలి తప్ప బాధ్యులెవరూ మిగలరు.

తౌక్తే తుపాను చెప్పాపెట్టకుండా వచ్చినది కాదు. భారత వాతావరణ విభాగం మే 11 నుంచే హెచ్చరికలు జారీ చేసింది. 14న లక్షద్వీప్ ప్రాంతంలో వాయుగుండం ఏర్పడింది, ఆ రాత్రికే అది తుపానుగా మారింది. మయన్మార్ సూచించిన పేరు దానికి ముందే సిద్ధంగా ఉంది. ఆ భాషలో బల్లి అని అర్థమట. ఆపై మూడు రోజులు అది పశ్చిమ తీరం వెంబడే, కేరళ, కర్ణాటక, గోవా, మహారాష్ట్రలను ఒరుసుకుంటూ ఉత్తరానికి నడిచింది. ఎటు పోతున్నదో టీవీ చూసే ప్రతి ఇంటికీ తెలుసు. తీరం పొడవునా మత్స్యకారులను వేటకు వెళ్ళవద్దన్నారు, వెళ్ళినవారిని వెనక్కి పిలిచారు. చదువూ సాంకేతికతా లేవని నగరవాసులు జాలిపడే జాలరి ఇంటికి చేరాడు. ఉపగ్రహ ఫోనూ, రోజువారీ వాతావరణ నివేదికా చేతిలో ఉన్న చమురు క్షేత్రంలో మాత్రం వందలాది కార్మికులు నడిసముద్రంలోనే ఉండిపోయారు. ఒక్క పి-305 సంగతే కాదు. గాల్ కన్‌స్ట్రక్టర్ అనే బార్జి మీద 137 మంది కొట్టుకుపోయి ఒడ్డున ఇసుకలో చిక్కుకుని బతికారు. సపోర్ట్ స్టేషన్-3 అనే మరో బార్జి, సాగర్ భూషణ్ అనే డ్రిల్లింగ్ నౌక కూడా లంగర్లు తెగి కొట్టుకుపోయాయి. ఒకే రాత్రి, ఒకే చమురు సంస్థ కార్యక్షేత్రంలో, ఇన్ని నౌకలు ఒక్కసారిగా అదుపు తప్పితే దాన్ని ఒక కెప్టెన్ పొరపాటుగా వర్ణించడం తర్కానికి నిలిచే మాట కాదు.

కాని జరిగింది అదే. ముంబయి పోలీసుల మొదటి ఎఫ్ఐఆర్ బార్జి కెప్టెన్ మీద నమోదైంది. అప్పటికి అతడు గల్లంతైనవారి జాబితాలో ఉన్నాడు. తరువాత మృతుల జాబితాలోకి మారాడు. చనిపోయినవాడు వాంగ్మూలం ఇవ్వలేడు గనుక ఇది అందరికీ అనుకూలమైన కేసు. ఓఎన్‌జీసీ పనిని కాంట్రాక్టుకు తీసుకున్న సంస్థ తన వాదన వినిపించింది: తమకు అందిన అంచనాలో గాలి వేగం గరిష్ఠంగా 40 నాట్లేనని, నౌకలన్నిటినీ సురక్షిత ప్రాంతానికి తరలమన్నామని, పి-305 కెప్టెన్ మాత్రం ప్లాట్‌ఫారానికి 200 మీటర్ల దూరం జరిగితే చాలనుకున్నాడని. ఈ వాదనను పూర్తిగా నిజమని ఒప్పుకున్నా ప్రశ్న అక్కడే మొదలవుతుంది. 261 మంది ప్రాణాలకు సంబంధించిన నిర్ణయం ఒక్క మనిషి ‘అనుకోవడం’ మీద ఆధారపడేలా వ్యవస్థను నిర్మించినది ఎవరు?

బార్జి అంటే ఏమిటో తెలిస్తే ఈ ప్రశ్న తీవ్రత అర్థమవుతుంది. గోదావరి రేవులలో పంటు ఎక్కినవారికి దాని స్వరూపం కొంత తెలుసు. అడుగు బల్లపరుపుగా ఉంటుంది, తనను తాను నడుపుకునే ఇంజను ఉండదు. సముద్రం మీద పనిచేసే బార్జి దానికి ఎన్నో రెట్లు పెద్దది. పైన అంతస్తులుగా గదులు, వంటశాల, క్రేను. వెల్డర్లు, ఫిట్టర్లు, రిగ్గర్లు, వంటవాళ్ళు నెలల తరబడి అందులోనే నివసిస్తారు. టగ్గు లాగితే కదులుతుంది, లంగర్లు పట్టి ఉంచితే నిలుస్తుంది. కొన్ని గంటల ముందు చెప్పి ‘వెళ్ళిపో’ అంటే వెళ్ళగల నౌక కాదది. లంగర్లు ఒక్కొక్కటీ ఎత్తాలి, టగ్గు రావాలి, తాడు బిగించాలి, ఆపై నడకకంటే కాస్త వేగంగా రేవు వైపు సాగాలి. సముద్రం లేచాక ఈ పనులలో ఏ ఒక్కటీ సాధ్యం కాదు. అందువల్ల ఇటువంటి నౌకను కాపాడే నిర్ణయం ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే జరగాలి. మే 16 రాత్రి లంగర్లు తెగినప్పుడు పి-305 మనిషి చేతిలో లేదు. చమురు ప్లాట్‌ఫారానికి గుద్దుకుని చిల్లుపడి, నీరు నిండి, మరునాటి సాయంత్రానికి మునిగింది. ప్రాణాలతో బయటపడిన ఇంజినీరు ఒకరు ఆసుపత్రి మంచం మీద నుంచి విలేకరులకు చెప్పిన మాటలు ఇంకా దారుణం: పదహారు లైఫ్ రాఫ్టులలో పద్నాలుగింటికి చిల్లులున్నాయని. ఐఎన్ఎస్ కొచ్చి, ఐఎన్ఎస్ కోల్‌కతా నావికులు ఆ కెరటాలలోకి వెళ్ళి ఒక్కొక్కరినీ పైకి లాగకపోతే మృతుల సంఖ్య ఎక్కడ ఆగేదో.

రేవుకు చేరితే నష్టమేమిటి? డబ్బు. పశ్చిమ తీరంలో సముద్ర నిర్మాణ పనులు రుతుపవనాలు వచ్చేలోపు ముగియాలి. మే నెలలో ప్రతి రోజూ విలువైనదే. బార్జి అద్దె రోజుల లెక్కన నడుస్తుంది. చమురు సంస్థ కాంట్రాక్టరుకు, కాంట్రాక్టరు నౌకల యజమానికి, యజమాని మనుషులను సరఫరా చేసేవాడికి పని అప్పగించే గొలుసులో, వాతావరణం వల్ల ఆగిన రోజు ఖర్చు ఎవరి నెత్తిన పడుతుందన్నదే అసలు విషయం. గొలుసు చివరన ఉన్నవాడు ‘ఆగుదాం’ అనడానికి భయపడితే ఎన్ని బులెటిన్లు పంపినా అవి కాగితాలే.

నిజమైన ఆకస్మిక తుపాను లేదనలేం. తౌక్తేకు నెల రోజుల ముందే, 2021 ఏప్రిల్ 13న, అమెరికాలోని లూసియానా తీరంలో సీకార్ పవర్ అనే లిఫ్ట్‌బోటు బోల్తాపడింది. 19 మందిలో 13 మంది పోయారు. ఉదయం అందిన సూచనలో అంతటి గాలి లేదు. మధ్యాహ్నం ఉరుములతో లేచిన గాలి 80 నాట్లు దాటింది. అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు దాన్ని దేవుడి మీదకు తోసి ఊరుకోలేదు. తీరం దగ్గర తక్కువ ఎత్తులో రాడారుకు కనిపించని ఖాళీ ఎక్కడున్నదో, ఆ రోజు హెచ్చరికను ప్రసారం చేయవలసిన కేంద్రం ఎందుకు పనిచేయలేదో తేల్చింది. నావికుడి ఒంటి మీదనే ఉండి అతడెక్కడున్నాడో తెలిపే చిన్న పరికరం తప్పనిసరి చేయాలని తాను అంతకుముందే చెప్పిన మాటను మళ్ళీ చెప్పింది. ఆ నివేదికను ఎవరైనా చదువుకోవచ్చు.

ఇక్కడి విచారణ తీరు వేరు. ఓఎన్‌జీసీకి యజమాని పెట్రోలియం మంత్రిత్వశాఖ. సముద్ర చమురు కార్యకలాపాల భద్రతకు 2008 నిబంధనల ప్రకారం అధికార సంస్థ ఓఐఎస్‌డీ. అదీ ఆ మంత్రిత్వశాఖ కిందిదే. దుర్ఘటన మీద నెల రోజుల గడువుతో ఉన్నతస్థాయి కమిటీని వేసిందీ ఆ మంత్రిత్వశాఖే. లాభం కోరేవాడు, కాపలా కాసేవాడు, తీర్పరిని నియమించేవాడు ఒకే గొడుగు కింద ఉన్నారు. ముగ్గురు ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్లను సస్పెండ్ చేశారు. జూలైలో మంత్రివర్గ విస్తరణలో ధర్మేంద్ర ప్రధాన్ పెట్రోలియం నుంచి విద్యాశాఖకు మారారు. ఆ మార్పుకూ మునిగిన బార్జికీ ఎవరూ ముడి పెట్టలేదు, పెట్టవలసిన అవసరం కూడా ఎవరికీ కలగలేదు. బ్రిటన్‌లో 1988లో పైపర్ ఆల్ఫా మీద 167 మంది చనిపోయిన తరువాత లార్డ్ కల్లెన్ విచారణ ఈ గొడుగును కూడా చూసింది. చమురు వెలికితీతను ప్రోత్సహించే శాఖ చేతి నుంచి భద్రతా పర్యవేక్షణను తొలగించి వేరే సంస్థకు అప్పగించారు.

ప్రధాని మే 19న గుజరాత్‌లో విహంగ వీక్షణం చేసి తక్షణ సాయంగా వెయ్యి కోట్లు ప్రకటించారు. మహారాష్ట్ర మీదుగా ఎందుకు వెళ్ళలేదని ప్రతిపక్షాలు అడిగాయి. ఆ వాదులాట అంతా భూమి మీద ఉన్న ఓటర్ల గురించే. బార్జి మీది వెల్డరు ఉత్తరప్రదేశ్ వాడో, బిహార్ వాడో, కేరళ వాడో కావచ్చు. అతడు చనిపోయిన చోటికి మాత్రం ఎంపీ లేడు. రాయగడ్, వల్సాడ్ తీరాలకు కొట్టుకువచ్చిన దేహాలను డీఎన్ఏ పరీక్షతో గుర్తించవలసి వచ్చింది.

తెలుగు పాఠకులు దీన్ని పశ్చిమ తీరపు గొడవగా భావించి ఊరుకోదగదు. 1989 నవంబరు 3న థాయ్‌లాండ్ సింధుశాఖలో గే తుపాను సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ నౌకను తిరగేసింది. 97 మందిలో మిగిలింది ఆరుగురు. అదే తుపాను మలయా ద్వీపకల్పం దాటి, బంగాళాఖాతంలో మళ్ళీ బలం పుంజుకుని, ఐదారు రోజుల తరువాత కావలి దగ్గర తీరం తాకింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల పెద్దలకు ఆ రాత్రి గుర్తే. అప్పటికి ఆ దారిలో లోతు సముద్రపు చమురు బావులు లేవు. ఇప్పుడు కాకినాడ ఎదురుగా కృష్ణా గోదావరి బేసిన్‌లో రిలయన్స్ వాయు క్షేత్రాలున్నాయి, ఓఎన్‌జీసీ కేజీ-98/2 క్షేత్రం నుంచి 2024 జనవరిలో చమురు మొదలైంది. అరేబియా సముద్రంకంటే బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువన్నది బడి పాఠం. అక్కడ నిర్మాణ పనులకు, మరమ్మతులకు ఇటువంటి బార్జీలే వస్తాయి, ఇటువంటి కూలీలే ఎక్కుతారు.

అక్టోబరులో మొదటి వాయుగుండం కనిపించినప్పుడు ఆ బార్జీల మీద ఎంతమంది ఉన్నారు, వాటిని లాగవలసిన టగ్గులు ఏ రేవులో ఉన్నాయి, ఏ గంటకు లంగరెత్తాలి, ఆ ఆజ్ఞ మీద సంతకం చేయవలసిన ఓఎన్‌జీసీ అధికారి ఎవరు, ఆగిన రోజుల అద్దె ఎవరు చెల్లిస్తారు? ఈ వివరాలను కాకినాడ రేవులో నోటీసుగా అతికించమని ఆదేశించడానికి మంత్రికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక పేజీ ఉత్తర్వు చాలు. కాకినాడ, అమలాపురం ఎంపీలు ఇంతవరకు అడిగివుండకపోతే వచ్చే సమావేశాలలోనైనా ఆ ప్రశ్నను లిఖితపూర్వకంగా వేయాలి.