గేర్‌బాక్స్ పోయిందా, వైరు తెగిందా? ఆటోమేటిక్ కారు రిపేర్లలో అసలు సమస్య ఎక్కడుంది

కాచిగూడ స్టేషన్ దగ్గర బయల్దేరి బర్కత్‌పురా, అడిక్‌మెట్ మీదుగా ఉస్మానియా క్యాంపస్ దాటి తార్నాక చేరాలంటే దూరం తక్కువే. కానీ సాయంత్రం ఆ దారిలో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ కాలు లాగేస్తుంది. అందుకే ఇప్పుడు మన ఇళ్లలో కూడా "ఆటోమేటిక్ అయితే బాగుంటుంది" అనే మాట వినిపిస్తోంది. మోకాళ్ల నొప్పులున్న అబ్బాజాన్, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న ఆడపిల్ల, పొద్దుట్నుంచి రాత్రి దాకా క్యాబ్ తోలే తమ్ముడు... అందరికీ అదే సుఖం.

ఒకప్పుడు ఆటోమేటిక్ అంటే పెద్దోళ్ల కారు. 2014లో మారుతి సెలెరియోతో ఏఎంటీ గేర్‌బాక్స్ చిన్న కార్లలోకి వచ్చాక ఆ లెక్క మారింది. అలా అమ్ముడైన కార్లే ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మధ్యతరగతి కుటుంబాల చేతికి వస్తున్నాయి. వారంటీ అయిపోయి ఉంటుంది. ఒకరోజు కారు సిగ్నల్ దగ్గర కదలదు. షెడ్డుకు తీసుకెళితే ఒకే మాట: "గేర్‌బాక్స్ పోయింది, మార్చాలి." ఆ ఒక్క మాటకు ఇంట్లో దాచుకున్న లక్షలు పోతాయి. ఆ మాట నిజమో కాదో తేల్చేదెవరు? ఈ ప్రశ్న ఒక్క కారుది కాదు. ఇందులో కుటుంబం డబ్బుంది, మన మెకానిక్‌ల బతుకుదెరువుంది, కంపెనీల పెత్తనముంది.

ఒకే పేరు, నాలుగు యంత్రాలు

మొదటి పొరపాటు పేరులోనే జరుగుతోంది. ఆటోమేటిక్ అని మనం పిలిచేవి నాలుగు రకాలు. ఏఎంటీ అంటే లోపల మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పని, గేరు మార్చే పని మనిషి బదులు యాక్చుయేటర్ చేస్తుంది. టార్క్ కన్వర్టర్ రకంలో ఆయిల్ ఒత్తిడే అన్ని పనులూ చేస్తుంది. సీవీటీలో విడివిడి గేర్లు ఉండవు, రెండు పుల్లీల మధ్య బెల్ట్ నడుస్తుంది. డ్యూయల్ క్లచ్‌లో ఒక క్లచ్ బేసి గేర్లు, ఇంకొకటి సరి గేర్లు చూసుకుంటుంది.

ఒకదాని జబ్బు ఇంకొకదానికి రాదు. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. సీవీటీలో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే బాగున్న పెట్టె కూడా పాడవుతుంది. తార్నాక ఫ్లైఓవర్ ఎక్కే చోట ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేక్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీదే ఏఎంటీ కారును నిలబెడితే క్లచ్ కాలిపోతుంది. అది గేర్‌బాక్స్ లోపం కాదు, క్లచ్ ప్లేట్ ఖర్చు. కాబట్టి కారు ఏ రకమో అడగకుండానే రేటు చెప్పే మెకానిక్ మాట నమ్మకూడదు.

కోడ్ దొంగను చూపించదు

ఇప్పుడు ప్రతి షెడ్డులో ఒక చిన్న స్కానర్ ఉంటుంది. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు తగిలిస్తే కోడ్ వస్తుంది. పి0700 వచ్చిందనుకోండి. "చూడండి సాబ్, గేర్‌బాక్స్ ఫెయిల్ అని మెషీనే చెబుతోంది" అంటారు. నిజానికి పి0700కు అర్థం అది కాదు. గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో ఫిర్యాదు నమోదైంది, అక్కడికి వెళ్లి చూడు అని ఇంజిన్ కంప్యూటర్ చెప్పే కబురు మాత్రమే. ఆ ఫిర్యాదు ఏమిటో ఇంజిన్‌ను మాత్రమే చదివే చవక స్కానర్‌కు కనపడదు. గేర్‌బాక్స్ మాడ్యూల్‌లోకి వెళ్లి చదివితేనే అసలు కోడ్ తెలుస్తుంది. పి0715 వస్తే లోపలికి వచ్చే వేగాన్ని కొలిచే సెన్సార్ సర్క్యూట్, పి0720 వస్తే బయటికి వెళ్లే వేగాన్ని కొలిచే సెన్సార్ సర్క్యూట్, పి0750 వస్తే షిఫ్ట్ సోలెనాయిడ్.

అప్పుడు కూడా కోడ్ చెప్పేది ఏ గల్లీలో గొడవ జరిగిందో మాత్రమే. ఎవరు చేశారో చెప్పదు. పి0715 అంటే సెన్సార్ పోయి ఉండొచ్చు, ఎలుక వైరు కొరికి ఉండొచ్చు, కనెక్టర్‌లోకి వాన నీళ్లు పోయి తుప్పు పట్టి ఉండొచ్చు. సెన్సార్ కొనే ముందు మీటర్ పెట్టి వైరు చూడాలి. ఆ పది నిమిషాల పని మానేసి పార్టులు మార్చుకుంటూ పోవడాన్ని రిపేరు అనలేం. మన డబ్బుతో ఆడే జూదం అది.

పరీక్షకు ఒక వరుస ఉంది

మంచి ఉస్తాద్ చవకైన అనుమానం నుంచి ఖరీదైన అనుమానానికి వెళతాడు. మొదట బ్యాటరీ. వోల్టేజ్ పడిపోతే ఏఎంటీ యాక్చుయేటర్ సరిగా పనిచేయదు, గేర్‌బాక్స్ కంప్యూటర్ లేనిపోని కోడ్లు రాసుకుంటుంది. తర్వాత బ్రేక్ స్విచ్. పెడల్ తొక్కిన సంగతి కంప్యూటర్‌కు అందకపోతే చాలా కార్లలో లివర్ పార్కింగ్ నుంచి కదలదు. స్విచ్ ధర గేర్‌బాక్స్ ధరలో పిసరంత.

మూడోది ఆయిల్. ఎంత ఉంది, ఏ రంగులో ఉంది, వాసన ఎలా ఉంది? నల్లబడి మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నాయి. పాలు పోసిన చాయ్‌లా ఉంటే నీళ్లు కలిశాయి. 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన కార్లు హైదరాబాదులో ఎన్నో ఉన్నాయి. గేర్‌బాక్స్‌కు గాలి ఆడే చిన్న గొట్టం గుండా కూడా నీళ్లు లోపలికి పోతాయి. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాళ్లు ఈ ఒక్క పరీక్ష అయినా చేయించాలి. చాలా కార్లలో ఆయిల్ చూసే కడ్డీ ఉండదు. కారును సమంగా లేపి, కంపెనీ చెప్పిన వేడి దగ్గర ప్లగ్ విప్పి చూడాలి. అందుకే చాలామంది ఆ పని వదిలేస్తారు.

నాలుగోది రోడ్డు మీద నడిపి చూడడం. చల్లగా ఉన్నప్పుడు, వేడెక్కాక, రెండుసార్లు. డీలో వేశాక కారు లాగడానికి రెండు మూడు సెకన్లకు మించి పడితే అనుమానించాలి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే లోపల జారుతోంది. వేగం పెరగకుండా ఒకే గేరులో ఇరుక్కుంటే కంప్యూటర్ తనను తాను కాపాడుకునే మోడ్‌లోకి వెళ్లింది. ఇంజిన్ మిస్ ఫైర్ అయినా, ఇంజిన్ మౌంట్ విరిగినా కుదుపు గేర్‌బాక్స్‌లోంచి వచ్చినట్టే ఉంటుంది. ఇవన్నీ చూశాకే పెట్టె దింపే మాట రావాలి.

ఇంకో సంగతి. ముందు చక్రాలతో నడిచే ఆటోమేటిక్ కారు ఆగిపోతే, ముందు చక్రాలు నేలకు ఆనించి తాడుతో లాగించకండి. ఇంజిన్ ఆగితే ఆయిల్ పంపు కూడా ఆగుతుంది, లోపలి భాగాలు ఎండిపోయి అరుగుతాయి. చిన్న లోపం దారిలోనే పెద్దదవుతుంది.

లోపం తయారీలోనే ఉంటే?

అన్ని తప్పులూ మెకానిక్‌వి కావు. ఫోర్డ్ కంపెనీ పవర్‌షిఫ్ట్ డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ మీద చాలా దేశాల్లో గొడవలయ్యాయి. ఆస్ట్రేలియాలో ఫియెస్టా, ఫోకస్, ఎకోస్పోర్ట్ యజమానుల ఫిర్యాదులతో వ్యవహరించిన తీరుకు 2018లో ఆ కంపెనీకి కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. కుదుపులకు డ్రైవింగ్ తీరే కారణమని కస్టమర్ల మీదికే నెట్టడం అక్కడి ప్రధాన ఆరోపణ. చైనాలో 2013లో ఫోక్స్‌వ్యాగన్ తన డీఎస్‌జీ గేర్‌బాక్స్ కోసం 3,84,181 కార్లను వెనక్కి పిలిచింది. టీవీలో కస్టమర్ల ఫిర్యాదులు ప్రసారమయ్యాకే ఆ కదలిక వచ్చింది. రెండు దేశాల్లోనూ ఫిర్యాదులు కాగితం మీద పోగయ్యాయి, అడిగే సంస్థ కదిలింది.

తాళం ఎవరి దగ్గర?

ఇక్కడ పరిస్థితి వేరు. స్పేర్ పార్టులు, స్కానింగ్ పరికరాలు, రిపేర్ సమాచారం బయటి మెకానిక్‌లకు దొరకనివ్వడం లేదని 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తర్వాత కేసు అప్పీళ్లకు వెళ్లింది. 2022లో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెచ్చింది. పోర్టల్ మంచిదే, కానీ పోర్టల్ చట్టం కాదు. ఆస్ట్రేలియాలో 2022 జులై 1 నుంచి కార్ల కంపెనీలు రిపేర్ సమాచారాన్ని న్యాయమైన ధరకు బయటి మెకానిక్‌లకు అమ్మి తీరాలనే చట్టం అమల్లో ఉంది. మనకు కావాల్సింది అలాంటిదే.

ఎందుకంటే ఈ తాళం భారం ఎక్కువగా పడేది చిన్న షెడ్ల మీద. హైదరాబాద్ షెడ్లలో మన కుర్రాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. ఉస్తాద్ దగ్గర చేరి, పానాలు అందిస్తూ, చెవితో ఇంజిన్‌ను చదవడం నేర్చుకున్న చేతులవి. కానీ సోలెనాయిడ్ చెవికి వినపడదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకపోతే క్లచ్ మార్చాక చేయాల్సిన రీలెర్నింగ్ కూడా కుదరదు. కొత్త క్లచ్ వేసినా కారు కుదుపుతుంది, పేరు మెకానిక్‌కు చెడుతుంది.

చదువు సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకు ఏడాది ముందే పుస్తకాల అనువాదానికి దారుల్ తర్జుమా పెట్టారు. ఇంజనీరింగ్ కాలేజీ 1929లో వచ్చింది. యంత్ర విద్యను జనం భాషలో చెప్పొచ్చని నిరూపించిన ఊరు ఇది. అదే ఊళ్లో ఇవాళ గేర్‌బాక్స్ పట్టే కుర్రాడికి తెలుగులో గానీ ఉర్దూలో గానీ సరైన మాన్యువల్ దొరకడం కష్టం. 2024 జూన్‌లో మల్లేపల్లి ఐటీఐలో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసి, టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని మొదలుపెట్టారు. ఆ కొత్త కోర్సుల తలుపులు స్కూలు మధ్యలో మానేసిన షెడ్డు కుర్రాళ్లకూ తెరవాలి. సాయంత్రం పూట, వాళ్లకు అర్థమయ్యే భాషలో మూడు నెలల డయాగ్నసిస్ కోర్సు అడగడం అత్యాశ కాదు. మన సంఘాలు, మసీదు కమిటీలు ఎమ్మెల్యేల ముందు పెట్టాల్సిన డిమాండ్ ఇది.

ఈలోగా మన చేతిలో ఉన్నవి

కారు కొనే ముందు అన్ని మాడ్యూళ్లూ చదివే స్కానర్ పెట్టించండి. కోడ్లు చెరిపేశాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా చాలా కార్లలో కనపడుతుంది. నిన్ననే చెరిపేసి ఉంటే అమ్మేవాణ్ణి కారణం అడగండి. రిపేరుకు ఇస్తే కోడ్లు, చేసిన పరీక్షలు, ఎస్టిమేట్ కాగితం మీద తీసుకోండి. మార్చిన పాత పార్టు ఇమ్మనండి. లక్ష దాటే పనికి ఇంకో చోట కూడా చూపించండి.

మోసపోయామనిపిస్తే 1915కు ఫోన్ చేయొచ్చు. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. సొంతంగా నడుపుకుంటూ బతుకుదెరువు కోసమే క్యాబ్ కొన్నవాళ్లూ ఈ చట్టంలో వినియోగదారులే. "కమర్షియల్ బండి, మీకు హక్కు లేదు" అంటే అక్కడే ఆగిపోకండి.

నిజాయితీగా పరీక్ష చేసి "గేర్‌బాక్స్ బాగానే ఉంది, వైరు తెగింది" అని చెప్పిన మెకానిక్‌కు మనం ఇచ్చేది వైరు డబ్బులే. అతని తెలివికి, టైముకు విడిగా పైసా ఇవ్వం. అందుకే పెట్టె మార్చేవాడికి లాభం, నిజం చెప్పేవాడికి నష్టం. చట్టం మారే దాకా ఆగక్కర్లేదు, పరీక్షకు వేరుగా డబ్బిచ్చే అలవాటు మనం ఈ వారమే మొదలుపెట్టొచ్చు.