మోకాలు మారింది, చేతులు మారలేదు

— బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థి

మా అమ్మకు మోకాలు మార్చి మొన్న సంక్రాంతికి ఏడాది దాటింది. ఇప్పుడామె గుమ్మం దిగి, చేలగట్టు దాకా నడిచి, మధ్యలో ఎక్కడా కూలబడకుండా తిరిగి వస్తుంది. ఊళ్లో అందరూ "ఆపరేషన్ బాగా కుదిరింది" అంటున్నారు. నేనూ అదే అంటాను. కాని ఆ అమ్మే పచ్చడి సీసా మూత తీయడానికి నన్ను పిలుస్తుంది. జడ వేసుకోవాలంటే పక్కింటి పిన్ని రావాలి. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టి మిత్రులతో నాలుగు మాటలు చెప్పుకోవాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది భీమవరానికి బస్సులో గంట దూరంలో ఉన్న పల్లెటూరు. రెండెకరాలు సొంతం, మూడెకరాలు కౌలు. సార్వా, దాళ్వా రెండు పంటలకూ అమ్మ నాట్లలో వంగేది. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక పొద్దున్న ఆమె గేదె దగ్గర నుంచి ఖాళీ బిందెతో లేచి వచ్చేసింది. వేళ్లు ముడవడం లేదంది. ఎండెక్కేసరికి సర్దుకున్నాయి. "నాట్లేసిన చేతులు, ఆ మాత్రం నొప్పులు రావా?" అని అందరం ఊరుకున్నాం. మా ఊళ్లో ఏ కీలు నొప్పికైనా పేరు ఒకటే, వాతం. కారణం ఒకటే, గుజ్జు అరిగిపోయింది. మందూ ఒకటే, సూది. మా ఆర్.ఎం.పి. గారు సూది వేసిన సాయంత్రమే అమ్మ లేచి వంట చేసేది. పది రోజులకు మళ్లీ మొదలు. అలా అయిదేళ్లు గడిచాయి.

అది అరుగుదల కాదని మాకు తెలిసేసరికి వేళ్లు చిటికెనవేలు వైపు వాలిపోయాయి, కుడి మోకాలు వంకర తిరిగింది. ఆ జబ్బు పేరు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఈ పేరు పెట్టింది ఆల్ఫ్రెడ్ గారడ్ అనే ఇంగ్లీషు వైద్యుడు, 1859లో. వయసు మీద పడి ఎముకల చివరి మృదులాస్థి అరగడం వేరు, ఇది వేరు. ఇందులో శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్లనే శత్రువులనుకుని వాటి మీద పడుతుంది. కీలు లోపలి పల్చటి పొర ఉబ్బి, పెరిగి, మృదులాస్థినీ ఎముకనూ తినేస్తుంది. ఆడవాళ్లలో ఇది మగవాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ముసలితనం దాకా ఆగదు, ముప్ఫయ్యో ఏటనో నలభయ్యో ఏటనో, ఇల్లూ పొలమూ రెండూ భుజాన మోసే వయసులో వచ్చి కూర్చుంటుంది.

ఇక ఆపరేషన్ సంగతి. కృత్రిమ కీలు చరిత్ర చదివితే నాకు సైన్సు మీద గౌరవం రెట్టింపయింది. ఇంగ్లండులో రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ మొదట టెఫ్లాన్‌తో తుంటి గిన్నె చేశాడు. కొన్నేళ్లకే అది అరిగి పొడి అయి, చాలామంది రోగులకు మళ్లీ కోతలు తప్పలేదు. ఆయన తన తప్పు దాచుకోలేదు. 1962లో పాలిథిలీన్ గిన్నె, లోహపు బంతి, వాటిని ఎముకకు పట్టి ఉంచే యాక్రిలిక్ సిమెంటుతో మళ్లీ మొదలుపెట్టాడు. ఈనాటి తుంటి మార్పిడికి అదే పునాది. 1970లలో మోకాలికీ అదే దారి పడింది. 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం, పూర్తిగా మార్చిన మోకాళ్లు నూటికి 82 పాతికేళ్లు నిలుస్తున్నాయి.

అయితే ఆ లెక్కల్లో అత్యధికులు అరుగుదల రోగులు. అమ్మ వంటి వారి సంగతి కొంచెం వేరు. నొప్పి తగ్గడంలో వీరికీ మేలు గొప్పగానే ఉంటుంది, అందులో సందేహం లేదు. కాని కొత్త కీలుకు చీము పట్టే ప్రమాదం వీరికి ఎక్కువ. ఒక కారణం జబ్బు, మరో కారణం ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయిన స్టెరాయిడ్. తుంటి మార్చిన వారిలో బంతి గిన్నెలోంచి జారే ప్రమాదం కూడా ఎక్కువే. ఆపరేషన్‌కు ముందు డాక్టరు గారు మెడకు ఎక్స్‌రే తీయమన్నారు. "కోసేది మోకాలైతే మెడకెందుకండీ ఖర్చు?" అని నాన్నగారు గొణిగారు. ఈ జబ్బు మెడలోని మొదటి రెండు పూసల మధ్య కట్టు వదులు చేస్తుందనీ, మత్తు ఇచ్చేటప్పుడు తల ఎక్కువగా వంచితే వెన్నుపాము నలిగిపోవచ్చుననీ ఆయన ఓపికగా చెప్పారు. వాడే మందుల చీటీలన్నీ అడిగి తీసుకున్నారు. కొన్ని మందులు ఆపరేషన్ దాకా ఆపకూడదు, కొన్ని ముందుగానే ఆపాలి. ఇది రోగి సొంతంగా తేల్చుకునే విషయం కాదు.

డబ్బు మాట కూడా చెప్పుకోవాలి. 2017 ఆగస్టులో కేంద్ర ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాలి కీళ్లకు గరిష్ఠ ధర కట్టింది. అంతకు ముందు సగటున లక్షా 58 వేలు పలికిన సాధారణ కోబాల్ట్ క్రోమియం కీలును పన్ను కాక 54,720 రూపాయలకు దించింది. మంచి పనే చేసింది. కాని ఆసుపత్రి గది, మత్తు, మందులు, వ్యాయామం, తోడుండే మనిషి భోజనం, వీటికి ఎవరూ ధర కట్టలేదు. మా నాన్నగారు అర ఎకరం తాకట్టు పెట్టారు.

నన్ను బాధించేది ఆ అర ఎకరం కాదు. అసలు ఆ ఆపరేషన్ దాకా రావలసిన అవసరమే ఉండకపోయి ఉండవచ్చు. మొదటి కొద్ది నెలల్లోనే సరైన మందు పడితే చాలామందిలో కీలు పాడవకుండా నిలబెట్టవచ్చునని వైద్యశాస్త్రం చెబుతోంది. మంచి మందులు వచ్చాక చాలా దేశాల్లో ఈ జబ్బుకు కీలు మార్పిళ్లు తగ్గాయి. ఆ మందుల్లో మొదట చెప్పవలసింది మెథోట్రెక్సేట్. దాని వెనుక ఉన్న మనిషి మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఆ మందును క్యాన్సరు కోసం తయారు చేసింది. ఆయన 1948లో కన్నుమూశారు. కీళ్ల జబ్బుకు దాన్ని అమెరికా ప్రభుత్వం అనుమతించింది 1988లో. తన మందు ఇన్ని చేతులను కాపాడుతుందని ఆయనకు తెలియదు. ఆయన పుట్టిన ఊరికి గంట దూరంలో మా అమ్మకూ తెలియలేదు. ఆయన పేరు మనకు పోటీ పరీక్షల్లో ఒక మార్కు ప్రశ్న, అంతే.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పకపోతే తప్పు చేసినవాడినవుతాను. ఈ మందు వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు వాడరాదు. మధ్య మధ్య రక్తపరీక్షలు తప్పవు. డాక్టరు చీటీ లేకుండా ముట్టరాదు.

స్టెరాయిడ్‌ను కూడా నేను తిట్టబోవడం లేదు. 1948లో ఫిలిప్ హెంచ్ మంచాన పడిన రోగికి కార్టిజోన్ ఇచ్చి నడిపించాడు, 1950లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. డాక్టరు లెక్క ప్రకారం, కొన్నాళ్లపాటు ఇస్తే అది మేలే చేస్తుంది. లెక్కా పత్రం లేకుండా అయిదేళ్లు పొడిస్తే ఎముక గుల్లవుతుంది, లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతుంది. పైకి నొప్పి మాత్రం కనబడదు. మా ఇంట్లో జరిగింది అదే. అలాగని చాలాకాలం వాడినవారు భయపడి ఉన్నట్టుండి మానేయడమూ ప్రమాదమే.

"కార్పొరేట్ ఆసుపత్రులు డబ్బు కోసమే కీళ్లు మారుస్తాయి, ఆపరేషన్లే వద్దు" అనే మిత్రులు మన హాస్టల్లోనే ఉన్నారు. వారు ఒక్కసారి మా ఊరు వచ్చి అమ్మ నడక చూడాలని నా కోరిక. ఇక "కీలు మార్చేస్తే సరి, జబ్బు పోయినట్టే" అనేవారు మా చుట్టాల్లో ఉన్నారు. వారు అమ్మ చేతులు చూడాలి. మోకాలు మారినా జబ్బు మారదు, మందు ఆగదు. వేళ్లకూ సిలికోన్ కీళ్లు వేస్తారు. నొప్పి తగ్గుతుంది, వంకర సరి అవుతుంది, పట్టు బలం మాత్రం పెద్దగా పెరగదు. సంగతి విని అమ్మ నవ్వి, "పాలు పితకడానికి పనికిరాని చేతికి మళ్లీ కోత ఎందుకురా?" అంది. ఆసుపత్రి కాగితంలో అమ్మ ఆపరేషన్ 'విజయవంతం'. ఆ మాట నిజమే. కాని అమ్మ లెక్క వేరు. నడక వచ్చింది, పాలు పితకడం రాలేదు.

అందుకే మన విద్యార్థి సంఘానికీ, జాతీయ సేవా పథకం బాధ్యులైన అధ్యాపకులకూ ఒక్క మనవి. ఏటా ఏడు రోజుల శిబిరానికి పల్లెకు వెళ్తున్నాం. వీధులు ఊడుస్తున్నాం, మొక్కలు నాటుతున్నాం, ఫోటో దిగి వస్తున్నాం. ఈసారి ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లను రెండే ప్రశ్నలు అడుగుదాం. "పొద్దున్న లేవగానే వేళ్లు గంటసేపు బిగుసుకుపోతున్నాయా? కీళ్ల వాపు ఆరు వారాలు దాటిందా?" అవునన్నవారి పేర్లు రాసి, దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రికి స్వయంగా వెంటబెట్టుకుని వెళ్దాం. మందు పేరు మనం చెప్పవద్దు, జబ్బు పేరూ మనం తేల్చవద్దు. సమయానికి డాక్టరు దగ్గరికి చేరిస్తే చాలు. మనలో డాక్టర్లు లేకపోవచ్చు, అడగడానికి నోరుంది, నడవడానికి కాళ్లున్నాయి.

నేను ఏడో తరగతిలో ఉన్న ఆ పొద్దున్న మా గుమ్మంలోకి ఎవరైనా కాలేజీ పిల్లలు వచ్చి ఆ రెండు ప్రశ్నలు అడిగి ఉంటే, అమ్మ ఇవాళ తన జడ తానే వేసుకునేది. ఏ ఊళ్లోనో ఇవాళ పొద్దున్న మరో తల్లి ఖాళీ బిందెతో గేదె దగ్గర నుంచి లేచి వచ్చే ఉంటుంది. మనం వెళ్లవలసింది ఆమె ఇంటికి.