రెండు వారాల జోరు చూసి ఆటగాణ్ని మార్చవచ్చా?

సెప్టెంబరు వచ్చేసరికి అమెరికాలో ఫాంటసీ బేస్‌బాల్ ఆడేవాళ్లకు ఒకటే ఆందోళన. సీజన్ ముగియడానికి మూడు నాలుగు వారాలే ఉంటుంది. తమ జట్టులో ఎవరిని ఉంచుకోవాలి, ఎవరిని వదిలేయాలి, ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయినవారిలో ఎవరిని తెచ్చుకోవాలి అని తల పట్టుకుంటారు. ‘ఈ వారం వీళ్లను తీసుకోండి, వీళ్లను వదిలేయండి’ అంటూ సలహాల జాబితాలు వస్తుంటాయి. వాటిలో చెప్పే కారణం తరచుగా గత రెండు వారాల ఆటే. ఇక్కడే నా అభ్యంతరం. ‘ఎలా ఆడాడు?’ అని అడిగే ముందు ‘ఎన్నిసార్లు ఆడాడు?’ అని అడగాలి. ఆ రెండో ప్రశ్న లేని సలహా జోస్యంతో సమానం.

ఈ ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. రచయిత డేనియల్ ఆక్రెంట్, ఆయన మిత్రులు 1980లో దీనికి ఇప్పటి రూపం ఇచ్చారు. న్యూయార్క్‌లో వాళ్లు కలుసుకునే రెస్టారెంటు పేరు మీదుగా అప్పట్లో దీన్ని ‘రోటిస్సరీ’ అన్నారు. మేజర్ లీగ్‌లో ఆడే నిజమైన ఆటగాళ్లను ఎంచుకుని కాగితం మీద ఒక జట్టు కడతారు. మైదానంలో వాళ్లు సాధించే హిట్లు, హోమ్ రన్లే ఇక్కడ పాయింట్లు. బేస్‌బాల్‌లో బ్యాటింగ్ సగటు అంటే క్రికెట్ సగటు లాంటిది కాదు. లెక్కలోకి వచ్చే అవకాశాల్లో ఎన్నింటిని హిట్లుగా మార్చాడన్నదే ఆ సగటు. పది అవకాశాల్లో మూడు హిట్లు కొడితే 0.300. అలా కొట్టేవాణ్ని మంచి బ్యాటరు అంటారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రోజూ ఆడే బ్యాటరుకు రెండు వారాల్లో సుమారు 45 అవకాశాలు వస్తాయి. అతని అసలు సత్తా 0.265 అనుకుందాం. నాణెం ఎగరేసినట్టు ప్రతి అవకాశంలోనూ కొంత అదృష్టం కలిసి ఉంటుంది కాబట్టి, 45 అవకాశాల్లో సగటు అటూ ఇటూ 0.066 మేర ఊగడం మామూలే. అంటే ఆటలో ఏ మార్పూ లేకుండానే ఒక పక్షం 0.330 కొట్టి వీరుడనిపించుకోవచ్చు, మరో పక్షం 0.200కు పడిపోయి పనికిరాడనిపించుకోవచ్చు. ఇలాంటి బ్యాటర్లను కొన్ని వందల మందిని తీసుకుంటే, దాదాపు మూడో వంతు మంది ఈ హద్దులను కూడా దాటుతారు. ప్రతి వారం జాబితాలు నింపడానికి వాళ్లే చాలు.

ఈ 0.066 వెనుక మన తెలుగువాడి గణితం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వెళ్లిన సి.ఆర్.రావు 1945లో ఒక హద్దును నిరూపించారు. క్రామెర్-రావు హద్దుగా ప్రపంచం దాన్ని పిలుస్తుంది. ఏ పక్కకూ మొగ్గు చూపని పద్ధతి ఎంత తెలివైనదైనా, ఇచ్చిన సమాచారం నుంచి ఒక మేరకు మించిన కచ్చితత్వాన్ని రాబట్టలేదన్నది దాని సారాంశం. 45 అవకాశాల బ్యాటింగ్ సగటుకు ఆ హద్దు సరిగ్గా ఈ 0.066. ఎంత అనుభవమున్న విశ్లేషకుడైనా ఆ 45 అంకెల్లోంచే ఇంతకన్నా పిండలేడు. అవకాశాలు 500కు పెరిగితే ఊగిసలాట 0.020కి తగ్గుతుంది.

మరి చేయగలిగింది ఏమీ లేదా? ఉంది. ఏ పక్కకూ మొగ్గకూడదన్న షరతును వదులుకుంటే దారి దొరుకుతుంది. చార్లెస్ స్టైన్ 1956లో చూపిన ఈ సంగతిని బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ బేస్‌బాల్‌తోనే వివరించారు. 1970 సీజన్‌లో 18 మంది బ్యాటర్ల మొదటి 45 అవకాశాలను తీసుకున్నారు. ఒక్కొక్కరి సగటును విడిగా నమ్మకుండా, అందరి ఉమ్మడి సగటు 0.265 వైపు బాగా లాగారు. మిగతా సీజన్ ఫలితాలతో పోల్చి చూస్తే, లాగిన అంచనాల్లో మొత్తం వర్గదోషం విడి సగటులతో వచ్చినదానిలో మూడో వంతుకన్నా తక్కువే. మొదట్లో 0.400తో వెలిగిన రాబర్టో క్లెమెంటే తర్వాత 0.346కు దిగాడు. 0.156తో అడుగున ఉన్న మ్యాక్స్ ఆల్విస్ 0.200కు లేచాడు. శిఖరం మీద ఉన్నవాడు దిగడం, లోయలో ఉన్నవాడు ఎక్కడం ఇక్కడి సహజ నియమం.

అయితే సూత్రాన్ని గుడ్డిగా వాడకూడదనీ అదే ప్రయోగం చెబుతుంది. క్లెమెంటే మామూలు ఆటగాడు కాదు. అప్పటికే నాలుగుసార్లు తన లీగ్‌లో బ్యాటింగ్ సగటులో ప్రథముడు. సూత్రం అతణ్ని 0.294 దాకా లాగేసింది. అది మరీ ఎక్కువ. అతణ్ని అందరి సగటు వైపు కాక, అతని సొంత చరిత్ర వైపు లాగి ఉండాల్సింది. అదే జాబితాలో థర్మన్ మన్సన్ అనే కుర్రాడు 0.178తో మొదలుపెట్టాడు. ఈనాటి జాబితా రాసేవారైతే ‘వదిలేయండి’ అనేవారు. మిగతా సీజన్‌లో అతను 0.316 కొట్టి ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి అందుకున్నాడు.

కాబట్టి సీజన్ చివర్లో దేన్ని చూడాలి? త్వరగా నిలకడకు వచ్చే అంకెలను. బ్యాటరు ఎంత తరచుగా స్ట్రైకౌట్ అవుతున్నాడో తెలియడానికి కొన్ని పదుల అవకాశాలు చాలు. బ్యాటింగ్ సగటుకు వందల అవకాశాలు కావాలి. 2015 నుంచి స్టాట్‌కాస్ట్ అనే వ్యవస్థ మేజర్ లీగ్ మైదానాలన్నిటిలోనూ ప్రతి బంతి వేగాన్నీ, బ్యాటు తగిలాక అది దూసుకెళ్లే వేగాన్నీ కొలుస్తోంది. పిచర్ బంతి వేగం సీజన్ మొదటికన్నా గంటకు రెండు మైళ్లు పడిపోతే అది అలసటో గాయమో కావచ్చు. కొన్ని మ్యాచ్‌లలోనే వందల కొలతలు దొరుకుతాయి కాబట్టి ఆ సంకేతాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంకా ముఖ్యమైనది, అసలు అవకాశం దొరుకుతుందా అన్నది. సెప్టెంబరు 1 నుంచి జట్లు 26 మంది బదులు 28 మందిని ఉంచుకోవచ్చు. పోటీలో వెనకబడిన జట్లు కుర్రవాళ్లను దించుతాయి. తదుపరి దశకు స్థానం ఖాయమైన జట్లు ప్రధాన ఆటగాళ్లకు విశ్రాంతినిస్తాయి. బెంచీ మీద కూర్చున్న గొప్ప ఆటగాడికన్నా రోజూ ఆడే సాధారణ ఆటగాడే ఎక్కువ పాయింట్లు తెస్తాడు.

ఇంత జాగ్రత్తగా ఎంచుకున్నా ఓడిపోవచ్చు. 0.280 సత్తా ఉన్నవాడూ 0.260 సత్తా ఉన్నవాడూ చెరో 80 అవకాశాలు ఆడితే, మెరుగైనవాడు ముందుండేది పదిలో సుమారు ఆరుసార్లే. అందుకే నిర్ణయం మంచిదా కాదా అన్నది ఒక్క ఫలితంతో తేల్చకూడదు. ఇలాంటి ఆటలో డబ్బు పెట్టేవారు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. పణం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసి నిషేధించింది. చట్టం ఆటను ఆపగలదు కానీ, కొద్ది అంకెలు చూసి పెద్ద తీర్పులిచ్చే అలవాటును ఆపలేదు.

ఆ అలవాటు ఆటలకే పరిమితమైతే ఇంత చెప్పాల్సిన పని లేదు. తెలుగు రాష్ట్రాల్లో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నూరు శాతం బడులకు అభినందనలు, అడుగున ఉన్న బడులకు చీవాట్లు. ప్రతి విద్యార్థికీ పాసయ్యే అవకాశం ఒకేలా 80 శాతం అనుకోండి. ఐదుగురే రాసిన బడిలో అందరూ పాసయ్యే సంభావ్యత దాదాపు మూడింట ఒకటి. వందమంది రాసిన బడిలో అది ఇంచుమించు సున్నా. రెండు బడుల్లో బోధన ఒకటే, తేడా తెచ్చింది పిల్లల సంఖ్య. పట్టికలో పైనా కిందా చిన్న బడులే ఎక్కువగా కనిపించడానికి ఇదొక్కటే చాలు. అక్కడ ‘వదిలేయండి’ జాబితాకు ఎక్కేది కాగితం మీది ఆటగాడు కాదు, ఒక ఉపాధ్యాయుడి పేరు.

అందుకే నా సూచన చిన్నది. ర్యాంకులు ప్రకటించే ప్రతిచోటా, అది బేస్‌బాల్ జాబితా కానీ బడుల పట్టిక కానీ, శాతం పక్కనే సంఖ్య కూడా ఉండాలి. దాని పక్కన గత కొన్నేళ్ల సగటు ఉండాలి. మార్పు కనిపిస్తే కారణం ఏమిటో వెతకాలి. కారణం దొరికితే వెంటనే చర్య తీసుకోవాలి. దొరకకపోతే మరికొంత కాలం చూడాలి. రెండు నిలువు వరుసలు అదనంగా వేయడానికి ఎవరికీ పెద్ద ఖర్చు కాదు.