పరకాయ ప్రవేశం

సాగర్ రోడ్డు పట్టుకుని ఇబ్రహీంపట్నం వైపు వెళ్తుంటే కాలేజీ బోర్డులు ఎన్ని కనిపిస్తాయో, వాటి వెనక సందుల్లో ‘రూమ్ టు లెట్’ బోర్డులు అంతకు రెట్టింపు కనిపిస్తాయి. మా మేనల్లుడు అలాంటి ఒక రూములో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ముగ్గురు పిల్లలు, రెండు పరుపులు, ఒక కూలరు. మా చెల్లెలు పంపిన పచ్చడి సీసా ఇచ్చి వద్దామని ఒక ఆదివారం వెళ్లాను. వాడు ఫోన్ను అడ్డంగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో తెగ పొడుస్తున్నాడు. తెర మీద బోడిగుండు, ఒంటినిండా బూడిద, ఎడమ కంటి మీదుగా వీపు దాకా ఎర్రటి పచ్చబొట్టు.

క్రేటోస్! ‘గాడ్ ఆఫ్ వార్’ క్రేటోస్.

“ఇది ప్లేస్టేషన్ ఆట కదరా, ఫోన్లో ఎట్లా వచ్చింది?” అన్నాను.

“ఎమ్యులేటర్ల ఆడుతున్న మామా. అయినా గిదంత నీకెట్ల ఎరుక?” అని వాడు నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

ఎరుకే. 2006లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గేమ్ పార్లర్‌లో గంటకు ఇరవై రూపాయలిచ్చి, అంతకుముందు ఏడాదే వచ్చిన మొదటి ‘గాడ్ ఆఫ్ వార్’ ఆడిన వాణ్ణి నేను. అక్కడ మెమరీ కార్డు ఓనరు గల్లాపెట్టెలో ఉండేది, మాకు ఇచ్చేవాడు కాదు. కాబట్టి ఎప్పుడు వెళ్లినా కథ మొదటికే. ఏజియన్ సముద్రంలో ఓడ, ఓడ మీద మూడు తలల హైడ్రా. దాన్ని చంపేసరికి గంట అయిపోయేది. ఆ హైడ్రాను ఎన్నిసార్లు చంపానో లెక్కలేదు. ఏథెన్స్ నగరం మాత్రం ఏనాడూ చూడలేదు.

వాడు ఆడుతున్నది అది కాదు. ‘చెయిన్స్ ఆఫ్ ఒలింపస్’, 2008లో పీఎస్పీ అనే చేతిమిషన్ కోసం చేసింది. పొయ్యి మీద పాలు పొంగినా లేవకుండా నేను చివరిదాకా చూశాను. పాతాళంలో క్రేటోస్‌కు చచ్చిపోయిన కూతురు కనిపిస్తుంది. ఆ పిల్ల కోసం ఆయుధాలూ బలమూ వదిలేసి మామూలు మనిషి అవుతాడు. ఇంతలో లోకం కూలిపోబోతోందని తెలుస్తుంది. కాపాడాలంటే మళ్లీ రాక్షసుడు కావాలి, పిల్లను వదలాలి. ఆ పిల్లేమో వచ్చి కావలించుకుంటుంది. అప్పుడు తెర మీద గుండ్రటి బటన్ గుర్తు వెలుగుతుంది. దాన్ని పదేపదే నొక్కాలి. నొక్కితేనే తండ్రి కూతుర్ని తోసేస్తాడు. అంతసేపూ రాక్షసుల పేగులు తీసిన బొటనవేలు అక్కడ ఒక్క క్షణం ఆగింది. “గిది నొక్కబుద్ధి కాదు మామా” అన్నాడు. నొక్కాడు. వేరే దారి లేదు.

ఈ కథ గ్రీకు పురాణాల్లో లేదు. ఆ పురాణాల్లో క్రేటోస్ పేరుతో వేరే దేవత ఉన్నాడు, ప్రొమీథియస్‌ను కొండకు కట్టేయించేవాడు. దాని గురించి నాకు పేచీ లేదు. వ్యాసభారతంలో శశిరేఖ కూడా లేదు. 1957 నాటి ‘మాయాబజార్’ చూసి ఆ పిల్ల మన పిల్ల కాదని ఎవరన్నారు?

సరే, ఎమ్యులేటర్ అంటే ఏమిటి? పాత మిషన్‌లా నటించే సాఫ్ట్‌వేర్ అని వాడు చెప్పాడు. నాకైతే పరకాయ ప్రవేశం గుర్తొచ్చింది. శంకరాచార్యులు చనిపోయిన అమరుక మహారాజు ఒంట్లో దూరిన కథ ఉంది కదా, అది. ఆట అనే ప్రాణం పాత పెట్టెను వదిలి కొత్త ఒంట్లోకి వస్తుంది. తాను ఇంకా పాత ఒంట్లోనే ఉన్నాననుకుంటుంది. ఆ మిషన్ భాషలో ఉన్న ప్రతి ఆజ్ఞనూ ఎమ్యులేటర్ అప్పటికప్పుడు ఫోన్ భాషలోకి మార్చి చెబుతూ ఉంటుంది.

పీఎస్పీ ఆటకు ఇది సులువే. 2012లో వచ్చిన పీపీఎస్‌ఎస్‌పీపీ అనే ఉచిత యాప్ నాసిరకం ఫోన్లలో కూడా నడుస్తుంది. ప్లేస్టేషన్ 2తోనే తంటా. దాని ప్రధాన మెమరీ 32 ఎంబీ. మన వాట్సాప్‌లోకి వచ్చే పెళ్లి వీడియో దానికంటే పెద్దది. మరి అంత చిన్నదాన్ని మోయడానికి ఇంత పెద్ద ఫోను ఎందుకు రొప్పుతుంది? బుర్రకథ చూసినవాళ్లకు చెప్పడం తేలిక. ఆ పెట్టెలో ప్రధాన ప్రాసెసర్ కథకుడైతే, పక్కన లెక్కలు కట్టే రెండు వెక్టర్ యూనిట్లు ఇద్దరు వంతలు. బొమ్మ గీసే చిప్పు వేరు, డిస్కునూ బటన్లనూ చూసుకునే చిప్పు వేరు. అందరూ ఒకే తాళంలో ఉండాలి. ఇప్పుడు ఒకే మనిషి తంబూరా తానే మీటి, రెండు డక్కీలూ తానే కొట్టి, వంత కూడా తానే పాడి, ఒక్క దెబ్బ కూడా తప్పకూడదంటే ఎట్లా ఉంటుంది? ఆ తప్పిన దెబ్బనే పిల్లలు ‘ల్యాగ్’ అంటారు. కంప్యూటర్లో ఈ పని చేసే పీసీఎస్‌ఎక్స్2ను ఇరవై ఏళ్లకు పైగా ఔత్సాహికులు జీతం లేకుండా చెక్కుతున్నారు. దాన్ని ఆధారం చేసుకుని 2021 చివర్లో ఫోన్లకు ఏథర్ఎస్‌ఎక్స్2 తెచ్చిన కుర్రాడు, బెదిరింపులూ తిట్లూ భరించలేక 2023 జనవరిలో పని ఆపేశాడు. ఉచితంగా ఇచ్చినవాడికి దక్కింది అది.

ఇదంతా వింటుంటే మా ఇంటి అటక మీద ఉన్న ఒక డిస్క్ గుర్తొచ్చింది. ‘హనుమాన్: బాయ్ వారియర్’. 2009లో, ఐదు వందలకు ఒక్క రూపాయి తక్కువ పెట్టి కొన్నాను. పూర్తిగా మన దేశంలోనే తయారైన తొలి ప్లేస్టేషన్ 2 గేమ్ అని అప్పట్లో గొప్పగా చెప్పారు. చేసింది ఎక్కడో కాదు, మన హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్. ఈ మాట చెబితే రూములో ముగ్గురూ నవ్వారు. “ఉట్టిదే. మనోళ్లు పీఎస్2కు గేమ్ చేసిండ్రా?” అన్నాడు నల్లగొండ పిల్లవాడు. అదే ఏడాది హైదరాబాద్‌లోని గేమ్‌శాస్త్ర ‘దేశీ అడ్డా’ కూడా చేసిందని చెబితే అదీ నమ్మలేదు. గేములు చేసే ఉద్యోగం కోసం రాత్రింబవళ్లు కోడింగ్ చేసే పిల్లలు వీళ్లు. తమ ముందు ఆ దారిన నడిచినవాళ్లు గంట బస్సు దూరంలోనే ఉన్నారని వీళ్లకు చెప్పినవాళ్లు లేరు.

హనుమాన్ ఆట విడుదలైనప్పుడు గొడవైంది. దేవుణ్ణి ఆటగాడి చేతిలో బటన్లతో ఆడించడం అపచారం, వెనక్కి తీసుకోవాలని అమెరికాలో ఉండే హిందూ నాయకుడు రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. భక్తి ఎవరిది వారిది, కాదనను. కానీ తోలుబొమ్మలాట పుట్టి పెరిగిన నేల మనది. తెర వెనక దీపం వెలుగులో వెదురు పుల్లలతో హనుమంతుణ్ణి ఎగిరించి లంక కాల్పించిన చేతులు ఎన్ని తరాలవి? ఆ చేతులకు లేని దోషం జాయ్‌స్టిక్‌కు ఎక్కడి నుంచి వచ్చింది?

పురాణం ఒంట్లు మార్చడం మనకు కొత్త కాదు. ఇబ్రహీంపట్నానికి పేరిచ్చాడని చెప్పే ఇబ్రహీం కుతుబ్‌షానే చూడండి. తెలుగు కవులు ముద్దుగా మల్కిభరాముడన్న ఆ సుల్తాను, భారతంలోని తపతీ సంవరణుల కథను అద్దంకి గంగాధర కవి కావ్యంగా రాస్తే అంకితం పుచ్చుకున్నాడు. పురాణ కథ గోల్కొండ దర్బారులో దూరగలిగింది, సురభి వారి నాటకంలో దూరింది, సినిమాలో దూరింది. సోనీ పెట్టెలో కూడా దూరింది, అంతే.

మరుసటి ఆదివారం డిస్కునూ, దాంతోపాటు మూలబడ్డ ప్లేస్టేషన్‌నూ గోనెసంచిలో వేసుకుని 277 నంబరు బస్సు ఎక్కాను. మిషన్ లెన్స్ పోయింది, డిస్క్ చదవదు. కరెంటిస్తే మాత్రం ఎర్ర లైటు వెలుగుతుంది. ఎమ్యులేటర్‌కు అసలు మిషన్‌ను మేల్కొలిపే బయోస్ అనే ప్రోగ్రాం కావాలి, అది సోనీ సొత్తు, ఎవరి మిషన్ నుంచి వాళ్లే తీసుకోవాలి. మావాడు ఒక మెమరీ కార్డూ పెన్‌డ్రైవూ పెట్టి మధ్యాహ్నం దాకా తిప్పలు పడి దాన్ని బయటికి లాగాడు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు డిస్క్ పెట్టే నోరే లేదు. పక్క రూము నుంచి డీవీడీ రైటర్ అరువు తెచ్చారు.

చట్టం సంగతి అడుగుతారేమో. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్, న్యాయంగా కొన్న ప్రోగ్రాం పోకుండా కాపీ తీసిపెట్టుకోనిస్తుంది. హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలని 2012లో చేర్చిన 65ఎ చెబుతుంది. నా డిస్క్ ఒడ్డున పడ్డట్టే అనుకుంటాను. మావాడి ఫోన్లో క్రేటోస్ ఎక్కడి నుంచి దిగాడో మాత్రం నేను అడగలేదు. ఎమ్యులేటర్ తయారీ మీద సోనీ అమెరికా కోర్టుకెక్కితే, 2000లో అప్పీలు కోర్టు కనెక్టిక్స్ అనే కంపెనీ వైపే నిలిచింది. మరుసటి ఏడాది సోనీ ఆ ఎమ్యులేటర్‌నే కొనేసి మూలన పడేసింది. చమత్కారం ఏమిటంటే, 2018లో పాత ఆటలతో ‘ప్లేస్టేషన్ క్లాసిక్’ అమ్మినప్పుడు సోనీ అందులో పెట్టింది ఔత్సాహికులు రాసిన ఉచిత ఎమ్యులేటర్‌నే.

దొంగతనాన్ని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. నా దిగులు వేరు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేముల్లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా దొరకవని 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ తేల్చింది. అక్కడ లెక్కపెట్టేవాళ్లయినా ఉన్నారు. మన దేశంలో పుస్తకం అచ్చేస్తే 1954 చట్టం ప్రకారం కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, మరికొన్ని గ్రంథాలయాలకూ ప్రతి పంపాలి. గేముకు అలాంటి దిక్కు లేదు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో వచ్చింది. అదీ పురాణమే, సురభి నాటకం నుంచి పుట్టిందే. దాని ప్రింటు ఇవాళ లేదు. ఎట్లా పాడారో, ఎట్లా పలికారో మనం ఊహించుకోవాల్సిందే. శంకరులు రాజు ఒంట్లో ఉన్నన్నాళ్లూ అసలు దేహాన్ని గుహలో శిష్యులు కాపలా కాశారు. మన దగ్గర కాపలాకు ఎవరూ లేరు. ఈ రోడ్డు మీదున్న ఇన్ని ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక్క లైబ్రరీ, ఒక్క బీరువా ఇలాంటి డిస్కులకు ఇవ్వలేదా?

సాయంత్రం నాలుగింటికి ఆట తెర మీద లేచింది. బాల హనుమంతుడు నడిచాడు. నిజం చెప్పాలంటే ఆట గొప్పగా లేదు. అప్పట్లోనూ మంచి రివ్యూలు రాలేదు. అప్పుడే క్రేటోస్‌ను ఆడి వచ్చిన చేతులకు మరీ చప్పగా ఉంది. పావుగంటలో నల్లగొండ పిల్లవాడు ఫోన్ తీశాడు. మావాడు మాత్రం పట్టు వదల్లేదు. ఒకచోట పడి చచ్చి, లేచి, మళ్లీ పడి, మాట్లాడకుండా మళ్లీ మొదలుపెట్టాడు. “కోడ్ ఎట్ల రాసిండ్రో జూడాలె” అని తనలో తాను అనుకున్నాడు.

చీకటి పడుతోందని లేచాను. “ఆగు మామా, సేవ్ జేస్తున్న” అన్నాడు. డిస్కును బనీను అంచుతో తుడిచి కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. కాపీ తీసిన ఫైలు ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది. ఉంచుకోనా అని వాడు అడగలేదు. తీసెయ్ అని నేనూ అనలేదు.