గింజ ఎవరు చేస్తరు?

గోదావరిఖనిలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్తాను. జన్యుమార్పిడి పాఠం వస్తే బోర్డు మీద ఏటా ఒకటే బొమ్మ: మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ బాక్టీరియా, దాని జన్యువు, అది చేరిన పత్తి మొక్క. ఆ జన్యువు వల్ల మొక్క తన కణాల్లోనే ఒక ప్రోటీన్ తయారుచేస్తుంది. అది తిన్న కాయతొలుచు పురుగు పేగు దెబ్బతిని చస్తుంది. మార్పంటే ఇంతే అనుకున్నాను.

ఓసారి వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, ‘మేడం, ఆ గింజ ఎవరు చేస్తరు?’ అంది. కంపెనీ అన్నాను. ‘మా అక్క చేసింది మేడం. బడి బందుపెట్టి గద్వాల దిక్కు క్రాసింగుకు పోయేది.’ ఓపెన్‌కాస్టు పనికి పాలమూరు నుంచి వలసొచ్చిన కుటుంబం వాళ్లది.

2002లో మన దేశంలో అనుమతి పొందిన బీటీ పత్తి హైబ్రిడ్ల రూపంలోనే వచ్చింది. హైబ్రిడ్ గింజ కావాలంటే సాయంత్రం ఒక్కో మొగ్గనూ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు పుప్పొడి అద్దాలి. ఇది చేతి పని. ఆ చేతులు ఎక్కువగా ఆడపిల్లలవేనని దావులూరి వెంకటేశ్వర్లు అధ్యయనాలు ఏనాడో చెప్పాయి. 2006లో రాష్ట్ర ప్రభుత్వం మోన్‌శాంటో రాయల్టీ మీద కొట్లాడి 450 గ్రాముల ప్యాకెట్టును 750 రూపాయలకు దింపించింది. మంచిదే. మరి ఆ 750లో ఆ పిల్ల వాటా ఎంత?

మనమేం చేశాం? విత్తనమే స్త్రీ, స్త్రీయే ప్రకృతి అని వ్యాసాలు రాసుకున్నాం. నేనూ రాశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. గింజ దాచుకోలేకపోవడానికి జన్యువే కారణమన్నాం. దాచిన గింజ మరుసటేడు ఒకే తీరుగా పండనిది అది హైబ్రిడ్ కాబట్టి. ఆ బాధ బీటీకి ముందు నుంచీ ఉన్నదే. జన్యువును తిడుతూ కూర్చుని కూలి లెక్క అడగడం మరిచిపోయాం.

ఇప్పుడు కలుపుమందును తట్టుకునే పత్తి విత్తనం, ప్రభుత్వ అనుమతి లేకపోయినా, తెలంగాణలో దొంగచాటుగా అమ్ముడుపోతోంది. గ్లైఫోసేట్ కొడితే కలుపు చస్తుంది, పత్తి బతుకుతుంది. కలుపు కూలి ఆడవాళ్లది, మందు పంపు మగవాళ్లది. నడుము విరిగే పని పోతే నాకేం దుఃఖం లేదు, పోయిన కూలికి బదులేమిటి? బొగ్గుబాయిల ఊళ్లో ఇది పాత కథే. ఆడవాళ్ల మంచికేనంటూ 1952 గనుల చట్టం వాళ్లను భూగర్భంలోకి దిగనివ్వలేదు, 2019 దాకా. దక్కకుండా పోయిన ఆ జీతాలకు లెక్క ఎవరు చెప్పారు?

ఈ ఏడు బోర్డు మీద పత్తి మొక్క పక్కన ఒక చెయ్యి గీశాను. ‘ఇది పరీక్షకు వస్తదా మేడం?’ అన్నారు పిల్లలు. రాదన్నాను. సగం మంది గీసుకోలేదు.