కాంటాకు ఏటా ముద్ర: వెబ్‌సైటు మాటేమిటి?

వరంగల్: ఎనుమాముల యార్డులో మిర్చి తూచే ఎలక్ట్రానిక్ కాంటాకు తూనికలు కొలతల శాఖ వేసే ముద్ర ఏడాదికే చెల్లుతుంది. మధ్యలో కాంటాను మరమ్మతు చేస్తే తిరిగి ముద్ర వేయించవలసిందే. ఈ సంగతి యార్డులో అందరికీ తెలిసిందే. నగరపాలక పన్నులు, పరీక్ష ఫీజులు, భూముల వివరాలు ఎక్కిన వెబ్‌సైట్లకు కూడ ఇటువంటి ముద్ర ఒకటి ఉన్నదని తెలిసినవారు మాత్రం తక్కువ.

ప్రభుత్వ వెబ్‌సైటును ప్రజలకు తెరిచేముందు కేంద్ర సంస్థ సర్ట్-ఇన్ జాబితాలోని ఆడిటర్లతో పరీక్షింపజేసి భద్రతా ధ్రువపత్రం పొందాలన్నది నియమం. ఆడిటరు దొంగ వేషం కట్టి ప్రయత్నిస్తాడు. ఒకరి లాగిన్‌తో మరొకరి రశీదు తీయవచ్చునా, పేరు రాయవలసిన గడిలో కంప్యూటరు ఆదేశం రాస్తే డేటాబేస్ లొంగుతుందా అని చూస్తాడు. లోపాలు సరిదిద్దాక మళ్లీ పరీక్షించి పత్రం ఇస్తాడు. అది ఆనాటి ప్రోగ్రాముకు మాత్రమే పూచీ. మరునెల కొత్త చెల్లింపు మార్గం చేరిస్తే దానిని ఎవరూ పరీక్షించనట్లే. కంటికి కనిపించే పేజీలను మాత్రమే ఆడిటుకు ఇచ్చి, సెల్‌ఫోన్ యాప్‌కు, సర్వరుకు మధ్య నడిచే సర్వీసులను వదిలేస్తే ఆ పత్రం సగమే.

పత్రం పట్టుకోలేనివి మరికొన్ని ఉన్నాయి. 2024లో రాష్ట్ర పోలీసుల ‘హాక్ ఐ’ యాప్ సమాచారం బయటకు పొక్కింది. జూన్‌లో రాష్ట్ర సైబర్ సెక్యూరిటీ బ్యూరో గ్రేటర్ నోయిడాలో ఉంటున్న 20 ఏళ్ల విద్యార్థిని అరెస్టు చేసింది. బలహీనమైన, లేదా బయటపడిపోయిన పాస్‌వర్డు వల్లే ఇది జరిగి ఉంటుందని పోలీసులు ప్రాథమికంగా భావించారు. పోలీసుల యాప్‌కే ఈ గతి పట్టడం గమనార్హం.

సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం ఇటువంటి ఘటనలను 6 గంటలలో తెలియజేయాలి. ఆడిట్ కనీసం ఏడాదికొకసారి జరగాలని 2025 జులైలో మార్గదర్శకాలు వచ్చాయి.

అయితే చిక్కు వేరే చోట ఉంది. వెబ్‌సైటు తయారీకి టెండరు పిలిచేటప్పుడు తొలి ఆడిట్ ఖర్చు లెక్కలోకి వస్తుంది. రెండో ఏడాది, మూడో ఏడాది ఖర్చు కంపెనీదా, కార్యాలయానిదా అన్నది ఒప్పందంలో రాయకపోతే ఫైలు ఇద్దరి మధ్యా తిరుగుతుంది. ఈలోగా పన్ను కట్టేవారు తమ ఫోన్ నంబర్లు, చిరునామాలు నమోదు చేస్తూనే ఉంటారు. పూర్తి ఆడిట్ నివేదికను బయటపెడితే దొంగకు తాళంచెవి ఇచ్చినట్లే. కాని పత్రం తేదీని, పరీక్షించిన సర్వీసుల పేర్లను పేజీ అడుగున ప్రకటించడానికి ఏ రహస్యమూ అడ్డురాదు.