చేతికి మసి అంటితే పరువు పోతుందా?

మనామాలో స్పోర్ట్స్ కారు కొన్న మనవాళ్లు అంటారు: "మెకానిక్ ఉండగా నీకెందుకమ్మా ఈ మసి?" ఈ మాట నేను ఒప్పుకోను.

సఖీర్‌లో 2004 నుంచి ఫార్ములా వన్ సర్క్యూట్ ఉంది. రేసు చూసి బ్రేకుల గురించి గంటలు మాట్లాడతాం. మన బానెట్ మాత్రం తెరవం!

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఇక్కడ సముద్రపు తేమ ఎక్కువ. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల లోపు మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ మెత్తబడుతుంది, బండి ఆగదు.

టైరు మీద 2319 అంటే 2019లో 23వ వారం. ఇది చదవడానికి పానా కూడా అక్కర్లేదు.

"తెలియక చేస్తే ప్రమాదం కదా?" నిజమే. ఒక్క జాకీ మీద నిలిపిన కారు కిందకి దూరకండి. బ్రేకులు విప్పే పని మెకానిక్‌కే ఇవ్వండి. కానీ ఏం అడగాలో తెలుసుకుని వెళ్లండి.

అసలు జబ్బు వేరే: పనిచేసే చేతులంటే చిన్నచూపు. గల్ఫ్ గ్యారేజీల్లో ఆ చేతులు మన ఊళ్లవి కూడా. "పానా" అనే మాట నాకు పుస్తకంలో దొరకలేదు, అక్కడే దొరికింది.

ఈ శుక్రవారం బానెట్ తెరవండి. పిల్లల్ని పక్కన నిలబెట్టుకోండి.